రెండు తీగలున్నా 'సర్వర్ డౌన్' ఎందుకు? నెట్‌వర్క్‌కు జంట దారులు వేసే విధానం

రేషన్ దుకాణంలో వేలిముద్ర వేసిన వృద్ధురాలు తన వంతు బియ్యం కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. బ్యాంకు శాఖలో పింఛను సొమ్ము తీసుకోవలసిన విశ్రాంత ఉద్యోగి కౌంటరు ముందు నిలబడి ఉంటారు. జిల్లా ఆసుపత్రిలో తీసిన స్కాన్ చిత్రం నగరంలోని వైద్య నిపుణుని తెరపైకి చేరవలసి ఉంటుంది. ఈ మూడు చోట్లా తరచుగా వినిపించే మాట ఒక్కటే: 'సర్వర్ డౌన్'. ఆ మాట విన్న ప్రతిసారీ సర్వరే పాడైందని అనుకోనక్కరలేదు. సర్వర్ తన చోట తాను సక్రమంగా పనిచేస్తూనే ఉండవచ్చు; దానికీ కౌంటరుకూ మధ్యనున్న దారి ఎక్కడో తెగిపోయి ఉండవచ్చు.

ఈ బెడద తప్పించుకోవడానికి కార్యాలయాలు సాధారణంగా చేసే పని, ఒక తీగకు తోడు మరొక తీగ వేయించుకోవడం. అయినప్పటికీ సేవలు ఆగిపోతూనే ఉంటాయి. తీగలు రెండైనా, అవి రెండూ ఆధారపడిన వస్తువు ఏదో ఒకటి ఉమ్మడిగా మిగిలిపోవడమే ఇందుకు ప్రధాన కారణం. ఒంటి స్తంభం మేడకు గదులు ఎన్ని కట్టినా, దాని భారమంతా ఆ స్తంభం మీదనే కదా! నెట్‌వర్క్ నిర్మాణంలో ఆ ఒంటి స్తంభాన్ని ఒక్కొక్క అంచెలో వెదికి, దానికి జోడు నిలపడం ఎలాగో ఈ వ్యాసం వివరిస్తుంది.

తీగలను పేనే విద్య

ఉదాహరణకు ఒక జిల్లా ఆసుపత్రిని తీసుకుందాం. అక్కడి కంప్యూటర్లన్నిటి తీగలూ స్విచ్ అనే పరికరం వద్ద కలుస్తాయి. స్విచ్ నుంచి ఒక తీగ రౌటర్‌కు వెళుతుంది. ఆసుపత్రి లోపలి సమాచారాన్ని బయటి ప్రపంచానికి పంపే ద్వారం రౌటర్. స్విచ్‌కూ రౌటర్‌కూ మధ్యనున్న ఆ ఒక్క తీగను ఎలుక కొరికినా, దాని కొన పోర్టులో వదులైనా ఆసుపత్రి మొత్తం బయటి లోకంతో సంబంధం కోల్పోతుంది.

ఇందుకు తొలి పరిష్కారం లింక్ అగ్రిగేషన్. రెండు లేదా అంతకంటే ఎక్కువ తీగలను పక్కపక్కనే వేసి, పరికరాలు వాటిని ఒకే తీగగా భావించేటట్లు అమర్చడమే ఈ పద్ధతి. పోచలను పేని తాడు చేసినట్లన్నమాట. ఒక పోచ తెగినా తాడు నిలుస్తుంది. ఈ విధానానికి ఐ ట్రిపుల్ ఈ సంస్థ 2000 సంవత్సరంలో 802.3ఏడీ పేరుతో ప్రమాణాన్ని ఆమోదించింది. 2008లో దానిని 802.1ఏఎక్స్ అనే ప్రత్యేక ప్రమాణంగా వేరు చేసింది. ఒకే ప్రమాణం ఉన్నందువల్ల వేర్వేరు సంస్థలు తయారుచేసిన పరికరాల మధ్య కూడా ఈ జోడింపు సాధ్యమవుతుంది.

కేవలం తీగలు గుచ్చినంత మాత్రాన జోడింపు జరగదన్నది ఇక్కడ గుర్తుంచుకోవలసిన విషయం. పరికరంలో ఆ మేరకు అమరిక చేయకుండా రెండు తీగలు కలిపితే సమాచారం ఒక తీగ గుండా వెళ్లి మరొక తీగ గుండా తిరిగివచ్చి సుడిగుండంలా తిరుగుతుంది. దానిని నివారించే రక్షణ విధానం పనిచేస్తున్న స్విచ్‌లలో రెండవ తీగను పరికరమే మూసివేస్తుంది. అప్పుడు కొనుగోలు రెండింటిదైనా వినియోగం ఒక్కదానిదే అవుతుంది.

టోల్ ప్లాజా వద్ద నాలుగు వరుసలు

లింక్ అగ్రిగేషన్ విషయంలో సాధారణంగా ఒక అపోహ కనిపిస్తుంది. సెకనుకు ఒక గిగాబిట్ సామర్థ్యం గల తీగలు రెండు జోడిస్తే, ఒక పెద్ద ఫైలు రెండు గిగాబిట్ల వేగంతో వెళుతుందని అనుకుంటారు. అలా జరగదు.

జాతీయ రహదారి మీది టోల్ ప్లాజాను గమనిస్తే కారణం అర్థమవుతుంది. ఒక వరుస స్థానంలో నాలుగు వరుసలు తెరిస్తే గంటకు దాటే వాహనాల సంఖ్య పెరుగుతుంది. కానీ ఏ ఒక్క వాహనమూ మునుపటి కంటే వేగంగా పరుగెత్తదు. పైగా ఒక పెళ్లి బృందానికి చెందిన బస్సులు వేర్వేరు వరుసల్లోకి చీలిపోతే, ముందు బయలుదేరినది వెనుక చేరే ప్రమాదముంది. నెట్‌వర్క్‌లోనూ ప్యాకెట్ల వరుస తప్పకూడదు. అందువల్ల పంపేవారి చిరునామా, అందుకునేవారి చిరునామా వంటి వివరాలతో పరికరం ఒక లెక్క వేసి, ఒక సంభాషణకు చెందిన ప్యాకెట్లన్నిటినీ ఒకే తీగ మీద పంపుతుంది. సంభాషణలు అనేకం ఉన్నప్పుడు భారం తీగల మధ్య సుమారుగా పంచబడుతుంది. పెద్ద సంభాషణలు యాదృచ్ఛికంగా ఒకే తీగ మీదకు వస్తే, ఒకటి కిక్కిరిసి మరొకటి ఖాళీగా ఉండటమూ కద్దు.

ఇరువైపులా పలకరింపు

తీగల జోడింపును రెండు విధాలుగా అమర్చవచ్చు. మొదటిది స్థిరమైన అమరిక. ఫలానా పోర్టులు ఒక జట్టు అని రెండు వైపులా రాసి వదిలివేయడం. రెండవది ఎల్‌ఏసీపీ అనే నియమావళిని అనుసరించడం. ఇందులో రెండు పరికరాలూ నియమిత వ్యవధిలో ఒకదానినొకటి పలకరించుకుంటాయి. జవాబు రాని తీగను జట్టు నుంచి తొలగిస్తాయి.

ఈ తేడా ఎంత ముఖ్యమో చిన్న ఉదాహరణతో తెలుస్తుంది. ఆప్టికల్ ఫైబర్‌ను సాధారణ తీగతో కలపడానికి మధ్యలో మీడియా కన్వర్టర్ అనే చిన్న పెట్టెను అమర్చడం మన కార్యాలయాల్లో పరిపాటి. దానికి ఆవలి వైపున ఫైబర్ తెగినా, ఇటువైపు పోర్టు దీపం వెలుగుతూనే ఉండవచ్చు. స్థిరమైన అమరికలో ఉన్న స్విచ్ ఆ దీపాన్ని నమ్మి, సగం సమాచారాన్ని శూన్యంలోకి పంపుతూనే ఉంటుంది. కొన్ని కంప్యూటర్లు పనిచేస్తాయి, కొన్ని పనిచేయవు. కారణం ఎవరికీ అంతుపట్టదు. ఎల్‌ఏసీపీ ఉన్నచోట పలకరింపుకు బదులు రాకపోవడంతో ఆ తీగ తనంతట తాను జట్టు నుంచి తప్పుకుంటుంది.

అమర్చేవారు ఇక్కడ నాలుగు సంగతులు సరిచూసుకోవలసి ఉంటుంది. జట్టులోని పోర్టులన్నిటి వేగం సమానంగా ఉండాలి. వాటి గుండా వెళ్లే అంతర్గత విభాగాలు, అంటే వీల్యాన్‌లు, అన్నిటిలో ఒకే విధంగా ఉండాలి. రెండు చివరల్లో కనీసం ఒకటి తానుగా పలకరించే స్థితిలో ఉండాలి; రెండూ ఎదుటివారి పిలుపు కోసమే వేచి ఉంటే జట్టు ఏర్పడదు. చివరిది పలకరింపు వ్యవధి. నెమ్మది పద్ధతిలో 30 సెకన్లకొకసారి పలకరింపు జరుగుతుంది. వరుసగా మూడుసార్లు బదులు లేకపోతేనే, అంటే 90 సెకన్ల తరువాతనే లోపం బయటపడుతుంది. వేగ పద్ధతిలో సెకనుకొకసారి పలకరింపు కనుక 3 సెకన్లలోనే తెలిసిపోతుంది. అత్యవసర విభాగం ఉన్న ఆసుపత్రికి ఈ రెండు అంకెల మధ్యనున్న వ్యత్యాసం చిన్నది కాదు.

గుంజ ఊడితే తాడేం చేస్తుంది?

తాడు ఎంత గట్టిగా పేనినా, దానిని కట్టిన గుంజ ఊడితే పశువు చేనిలో పడటం ఖాయం. స్విచ్ నుంచి నాలుగు తీగలు వేసినా, నాలుగూ ఒకే రౌటర్‌లో ముగిస్తే ఆ రౌటరే ఒంటి స్తంభం అవుతుంది. దాని విద్యుత్ సరఫరా భాగం కాలిపోయినా, సాఫ్ట్‌వేర్ నవీకరణ కోసం దానిని ఆపి తిరిగి ప్రారంభించినా నాలుగు తీగలూ ఒక్కసారిగా నిరుపయోగమవుతాయి.

కాబట్టి తదుపరి అంచె, తీగల జట్టును రెండు పరికరాల మీదికి విస్తరించడం. దీనిని బహుళ పరికరాల లింక్ అగ్రిగేషన్ అని, పొడి మాటల్లో ఎంసీ-ల్యాగ్ అని వ్యవహరిస్తారు. ఆసుపత్రి స్విచ్ నుంచి ఒక తీగ మొదటి రౌటర్‌కు, మరొకటి రెండవ రౌటర్‌కు వెళుతుంది. పలకరింపు జరిగినప్పుడు రెండు రౌటర్లూ ఒకే గుర్తింపు సంఖ్యను చెబుతాయి. స్విచ్ తాను ఒకే పరికరంతో మాట్లాడుతున్నానని నమ్మి, రెండు తీగలనూ జట్టుగా స్వీకరిస్తుంది. ఒక రౌటర్ పూర్తిగా ఆగిపోయినా, స్విచ్ దృష్టిలో అది ఒక తీగ తెగడమే తప్ప మరేమీ కాదు.

ఈ ఏకత్వాన్ని నటించడానికి రెండు రౌటర్ల మధ్య నిరంతర సమాచార మార్పిడి అవసరం. అందుకోసం వాటి మధ్య ఒక ప్రత్యేక సంధాన తీగ వేస్తారు. చిక్కు అక్కడే మొదలవుతుంది. రెండు రౌటర్లూ బాగానే ఉండి, మధ్యనున్న సంధానం మాత్రమే తెగితే ఏమవుతుంది? ఎదుటిది చనిపోయిందని ప్రతి రౌటరూ భావించి, బాధ్యత మొత్తాన్ని తానే స్వీకరిస్తుంది. ఒక ఇంటికి ఇద్దరు యజమానులు ఏకకాలంలో పరస్పర విరుద్ధమైన ఆజ్ఞలు ఇస్తున్నట్లు తయారవుతుంది పరిస్థితి. దీని నివారణకు సంధాన తీగతో సంబంధం లేని మరొక దారిలో, ఎదుటి రౌటర్ బ్రతికి ఉందో లేదో తెలుసుకునే ఏర్పాటు చేస్తారు. సంధానం తెగినా ఎదుటిది సజీవంగా ఉందని తేలితే, ముందుగా నిర్ణయించిన ప్రకారం రెండవ స్థానంలోని రౌటర్ తన వైపు పోర్టులను తానే మూసుకుంటుంది. అందువల్ల సంధాన తీగ, ప్రాణ పరీక్ష దారి రెండింటినీ ఒకే పోర్టు కార్డు గుండానో, ఒకే గొట్టం గుండానో తీసుకువెళ్లడం ఈ ఏర్పాటు ప్రయోజనాన్నే దెబ్బతీస్తుంది.

ఐ ట్రిపుల్ ఈ 2014 నాటి సవరణలో ఇటువంటి అమరికకు కూడా ప్రమాణాన్ని చేర్చింది. అయినప్పటికీ ఆచరణలో తయారీ సంస్థల సొంత పద్ధతులే ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. జంటగా పనిచేయవలసిన రెండు రౌటర్లూ సాధారణంగా ఒకే తయారీకి చెందినవై, సరిపోలే సాఫ్ట్‌వేర్‌తో ఉండవలసి రావడానికి కారణం ఇదే.

ఇద్దరు ద్వారపాలకులు, ఒకే చిరునామా

తీగల స్థాయిలో జోడు కుదిరింది. ఇక చిరునామా సంగతి చూడాలి. ఆసుపత్రిలోని ప్రతి కంప్యూటర్‌లోనూ బయటికి వెళ్లే ద్వారం చిరునామా ఒకటి నమోదై ఉంటుంది. అది మొదటి రౌటర్ చిరునామా అయితే, ఆ రౌటర్ ఆగిన రోజున రెండవది పక్కనే ఉన్నా కంప్యూటర్లకు దాని సంగతి తెలియదు.

ఈ సమస్యకు పరిష్కారంగా 1998లో వీఆర్‌ఆర్‌పీ అనే నియమావళి వెలువడింది. రెండు రౌటర్లకూ ఉమ్మడిగా ఒక కల్పిత చిరునామాను ఇస్తారు. కంప్యూటర్లలో ఆ చిరునామానే నమోదు చేస్తారు. ప్రాధాన్య సంఖ్య ఎక్కువగా ఉన్న రౌటర్ ఆ చిరునామాకు బాధ్యత వహిస్తూ, సాధారణ అమరికలో సెకనుకొకసారి తన ఉనికిని ప్రకటిస్తుంది. ఆ ప్రకటన మూడు సెకన్లకు పైగా వినిపించకపోతే రెండవది ఆ బాధ్యతను స్వీకరిస్తుంది. కంప్యూటర్లలో ఏ మార్పూ చేయనవసరం లేదు.

ఇక్కడ అనుభవం లేనివారు తరచుగా మరచిపోయే అంశం ఒకటుంది. ప్రధాన రౌటర్ చక్కగా ఉండి, దాని నుంచి బయటికి వెళ్లే ఫైబర్ మాత్రమే తెగినప్పుడు, అది తన ఉనికిని ప్రకటిస్తూనే ఉంటుంది. రెండవ రౌటర్ మౌనంగా ఉండిపోతుంది. సమాచారమంతా దారి లేని ద్వారం వద్దకు చేరుతుంది. అందుచేత బయటి తీగ స్థితిని కూడా గమనిస్తూ, అది తెగిన వెంటనే తన ప్రాధాన్య సంఖ్యను తగ్గించుకునేటట్లు ప్రధాన రౌటర్‌కు నిర్దేశించాలి. అదే విధంగా మరమ్మతు అయి తిరిగి ప్రారంభమైన రౌటర్, బయటి దారుల వివరాలు పూర్తిగా సేకరించుకోకముందే బాధ్యతను లాక్కోకుండా కొంత వ్యవధి విధించాలి.

ప్రహరీ దాటిన తరువాత

లోపల అన్నీ జంటలే అయినా, రెండు రౌటర్ల నుంచి వెలువడే ఫైబర్లు వీధిలో ఒకే గొట్టంలో పడుకుని ఉంటే రోడ్డు వెడల్పు చేసే జేసీబీ ఒక్క వేటుతో రెండింటినీ తెంచగలదు. ఇద్దరు వేర్వేరు సేవాదారుల వద్ద కనెక్షన్లు తీసుకున్నా, వారిద్దరూ ఒకే కాలువలో, ఒకే విద్యుత్ స్తంభాల మీద తీగలు వేసి ఉండవచ్చు. బిల్లులు రెండు వచ్చినంత మాత్రాన దారులు రెండని భావించడానికి లేదు. సమన్వయం లేని తవ్వకాల వల్ల దేశంలో ఏటా సుమారు 3,000 కోట్ల రూపాయల నష్టం వాటిల్లుతున్నదని కేంద్ర ప్రభుత్వం పేర్కొన్నది. తవ్వకానికి ముందే భూగర్భ తీగల యజమానులకు తెలియజేసేందుకు 2023 మార్చిలో 'కాల్ బిఫోర్ యు డిగ్' యాప్‌ను ప్రారంభించింది.

ఉమ్మడి దారి ప్రమాదం ఎంత పెద్దదో 2008 జనవరి 30న దక్షిణాసియా చవిచూసింది. ఈజిప్టులోని అలెగ్జాండ్రియా సమీపంలో సీ-మీ-వీ-4, ఫ్లాగ్ అనే రెండు సముద్రగర్భ కేబుళ్లు ఒకే రోజున తెగాయి. రెండింటి యాజమాన్యాలు వేరు. కానీ ఐరోపాకు వెళ్లే దారిలో రెండూ అదే ఇరుకు ప్రాంతాన్ని దాటవలసి వచ్చింది. భారత్‌తో పాటు పశ్చిమాసియా దేశాల్లోనూ ఇంటర్నెట్ సేవలకు తీవ్ర అంతరాయం కలిగింది. సేవాదారులు సమాచారాన్ని తూర్పుగా, సింగపూర్ మీదుగా పసిఫిక్ మార్గంలోకి మళ్లించవలసి వచ్చింది. ఆనాడు ఆదుకున్నది పూర్తిగా వేరే దిక్కున ఉన్న దారి.

ఆ దృష్టితోనే ఈ ప్రాంతంలో తరువాత కొన్ని ఏర్పాట్లు జరిగాయి. సన్నని సిలిగురి మార్గం మీద ఆధారపడిన ఈశాన్య భారతానికి 2016 మార్చి 23న మరొక దారి తెరుచుకున్నది. బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ నుంచి అగర్తలకు సెకనుకు 10 గిగాబిట్ల అనుసంధానం ప్రారంభమైంది. గ్రామ పంచాయతీలకు ఫైబర్ అందించే భారత్‌నెట్ పథకంలోనూ ఇదే ఆలోచన కనిపిస్తుంది. తొలి దశల్లో మండల కేంద్రం నుంచి గ్రామాలకు తీగ గొలుసులా సాగేది. మధ్యలో ఎక్కడ తెగినా ఆవలి ఊళ్లన్నీ చీకటిలో పడేవి. 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన సవరణ పథకం వలయాకార పద్ధతిని స్వీకరించింది. వలయంలో ఒకచోట తెగితే సమాచారం రెండవ వైపు నుంచి తిరిగి ఊరికి చేరుతుంది.

ఒక్క ఆదేశంతో అంతా ఆగిన రాత్రి

తీగలు, పరికరాలు, దారులు అన్నీ జంటగా ఉన్నా, వాటన్నిటికీ ఉమ్మడిగా ఉండేది మరొకటి మిగులుతుంది: మనిషి ఇచ్చే ఆదేశం. 2021 అక్టోబర్ 4న భారత కాలమానం ప్రకారం రాత్రి తొమ్మిది దాటిన తరువాత ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ ప్రపంచమంతటా మూగబోయాయి. సుమారు ఆరు గంటల పాటు సేవలు నిలిచిపోయాయి. ఏ తీగా తెగలేదు. నిర్వహణ పనుల్లో భాగంగా ఇచ్చిన ఒక ఆదేశం ఆ సంస్థ డేటా కేంద్రాలను కలిపే మార్గాలన్నిటినీ మూసివేసిందని, అటువంటి పొరపాటును ఆపవలసిన తనిఖీ సాఫ్ట్‌వేర్‌లోనూ లోపం ఉన్నదని సంస్థే వివరించింది. లోపాన్ని సరిదిద్దే సాధనాలు కూడా ఆ నెట్‌వర్క్ మీదనే ఆధారపడి ఉండటంతో పునరుద్ధరణ మరింత ఆలస్యమైంది.

చిన్న కార్యాలయానికీ ఇందులో పాఠం ఉన్నది. జంట రౌటర్లలో అమరిక మార్చేటప్పుడు రెండింటినీ ఒకేసారి మార్చకూడదు. ఒకదానిని మార్చి, కొంతకాలం గమనించి, ఆ తరువాతనే రెండవదాని జోలికి వెళ్లాలి. ప్రధాన నెట్‌వర్క్ పడిపోయినా రౌటర్‌ను చేరుకోవడానికి మొబైల్ సిమ్ ద్వారానో, మరొక విధంగానో వేరే దారి ఉంచుకోవాలి. రెండు రౌటర్లనూ ఒకే యూపీఎస్‌కు తగిలించకూడదన్నది చెప్పనక్కరలేని విషయమైనా, ఆచరణలో తరచుగా జరిగే పొరపాటు అదే.

చప్పుడు లేని తొలి వైఫల్యం

జంట ఏర్పాటులో ఒక విచిత్రమైన ప్రమాదం దాగి ఉంటుంది. ఒక తీగే ఉన్నచోట అది తెగిన మరుక్షణం అందరికీ తెలుస్తుంది. రెండు ఉన్నచోట మొదటిది తెగినా పని ఆగదు, ఫిర్యాదు రాదు. కాబట్టి ఎవరూ బాగుచేయరు. నెలల తరువాత రెండవది తెగిన రోజున, రెండు దారులున్నా సేవ ఎందుకు ఆగిందని అందరూ ఆశ్చర్యపోతారు. ఆ నెలలన్నీ నెట్‌వర్క్ ఒంటి కాలి మీదనే నిలబడి ఉన్నదన్న మాట. జట్టులో ఒక తీగ పడిపోయినా బాధ్యులకు వెంటనే సందేశం చేరే ఏర్పాటు లేకపోతే, రెండవ తీగ మీద పెట్టిన ఖర్చు వృథా అయినట్లే.

సామర్థ్యం విషయంలోనూ ఇటువంటి భ్రమే ఉంటుంది. రెండు తీగలూ చెరో 70 శాతం నిండి నడుస్తుంటే అంతా సజావుగా ఉన్నట్లు కనిపిస్తుంది. ఒకటి తెగితే మిగిలిన దాని మీద 140 శాతం భారం పడుతుంది, అది మోయలేదు. ఒకటి లేకపోయినా పని సాగాలంటే, రెండు తీగల మొత్తం భారం ఒక తీగ సామర్థ్యాన్ని మించకుండా చూడాలి.

పరీక్షించని ప్రత్యామ్నాయాన్ని ప్రత్యామ్నాయంగా లెక్కించడానికి వీలులేదు. రద్దీ లేని వేళ, ముందుగా తెలియజేసి, ఒక తీగను కావాలనే ఊడదీసి చూడాలి. ఆ తరువాత ఒక రౌటర్‌ను ఆపాలి. ఆపైన రెండు రౌటర్ల మధ్య సంధానాన్ని తెంచాలి. చివరగా ఒక సేవాదారుని ఫైబర్‌ను వేరుచేయాలి. ప్రతిసారీ సేవ ఎన్ని సెకన్లు ఆగిందో, హెచ్చరిక ఎవరికి చేరిందో నమోదు చేయాలి. కొత్త పరికరం వచ్చినా, సాఫ్ట్‌వేర్ మారినా ఈ పరీక్షను మళ్లీ జరపాలి.

సాంకేతిక పరిజ్ఞానం లేని కార్యాలయ అధిపతి సైతం తన సిబ్బందినీ, సేవాదారులనూ మూడు ప్రశ్నలు అడగవచ్చు. మన రెండు దారులు ఎక్కడెక్కడ ఒకటవుతున్నాయి? ఒకటి పడిపోతే మనకు ఎవరు, ఎంతసేపట్లో చెబుతారు? చివరిసారి ఊడదీసి చూసినది ఎప్పుడు? వీటికి తడుముకోకుండా సమాధానం వచ్చిన చోట, కౌంటరు ముందు నిలబడిన వృద్ధురాలు 'రేపు రండి' అనే మాట వినవలసిన అవసరం చాలావరకు తప్పుతుంది.